ఆ పేరుగలవారెవరూ లేరు

టూవూంబా,
ఫిబ్రవరి 11, 2024

ప్రియమైన లీలత్తకి,

నమస్కారాలు. ఫోన్లో నీకు సగమే వినిపిస్తోంది, మిగతా సగం సుమంత్ బావ పక్కనుంచి కేకలేసి చెప్పాల్సి వస్తోంది. అందుకే ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉంది. నాన్న పెట్టె ఇన్నాళ్ళకి తెరిచాను. ఆయన పోయి తొమ్మిది నెలలైనా దానిమీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. అందులో బట్టలకన్నా నీ ఉత్తరాలే ఎక్కువ. నువ్వు సిడ్నీ వచ్చిన కొత్తలో విజయనగరానికి రాసినవన్నీ ఏ ఏడాదివి ఆ ఏడాదికి కట్టలు కట్టి, ఇక్కడికి వచ్చేటప్పుడు కూడా తెచ్చుకున్నారు. అవి చదువుతుంటే నాకూ నీకు రాయాలనిపించింది.

వాటి అడుగున ఒక నోటుబుక్కు దొరికింది. నాన్న మన వంశవృక్షం వేసుకున్నారు, స్కేలు పెట్టి గీతలు గీసి మరీ. అన్నిటికన్నా కింద నా కూతురు సాహిత్య, దాని పైన నేను. పైన నాన్న, నువ్వు. ఆ పైన మీ నాన్నగారు, ఆయన పైన మీ తాతయ్య సింహాచలంగారు. సింహాచలంగారి తండ్రి గడిలో 'సన్యాసి' అని ఉంది. తల్లి గడిలో పేరు లేదు. 'నీళ్ళలో పోయింది' అని మాత్రం రాశారు.

సాహిత్యకి చూపించాను. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. "వెయిట్, షి డజంట్ హావ్ ఎ నేమ్?" అంది.

యూని లైబ్రరీలో పనిచేస్తూ ఊళ్ళోవాళ్ళందరికీ వాళ్ళ ముత్తాతల కాగితాలు వెతికిపెడుతుంటాను. మన ఇంటి గడి ఖాళీగా ఉంటే ఎలా? మీ తాతయ్య దగ్గర ఎక్కువగా పెరిగింది నువ్వే కదా. ఆవిడ పేరేమిటి? ఎప్పుడు, ఎలా పోయింది? గుర్తున్నది గుర్తున్నట్టు రాయి.

నీ మేనకోడలు,
బిందుమాధవి

కెల్లీవిల్,
ఫిబ్రవరి 27

చి. బిందుకి అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చినరోజు కవరు మీద చేతిరాత చూసి తమ్ముడే రాశాడనుకున్నాను. నీ 'క'కి కూడా వాడి వంకరే వచ్చింది. కాసేపు ఏడ్చాను, తర్వాత బాగానే ఉంది.

మా తాతయ్య గురించి ఎంతైనా రాయగలను. పొద్దున్నే గంజి తాగి బొద్దువలస పొలాలకి వెళితే మధ్యాహ్నానికిగానీ వచ్చేవాడు కాదు. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకునేవాడు. ఎంత ఎండాకాలమైనా చంపావతి ఏట్లో మోకాలి లోతుకి కూడా దిగేవాడు కాదు. మేమంతా స్నానాలు చేస్తుంటే ఒడ్డున నిలబడి మా తలలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు. తల్లి ఆ ఏట్లోనే పోయిందని చెప్పుకునేవారు కదా, ఆ భయం.

ఆవిడ పేరంటావా, నాకూ తెలియదమ్మా. ఆ కాలంలో ఆడవాళ్ళ పేర్లు ఎవరు రాసిపెట్టారు? అడిగి తెలుసుకోవడానికి పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. మీ నాన్న ఆ గడి అలా వదిలేశాడంటే ఏదో ఆలోచించే వదిలి ఉంటాడు. నువ్వూ వదిలెయ్.

సాహిత్యకి సున్నుండల పిండి పంపుతున్నాను. ఉండలు నువ్వే చుట్టు. నా మోకాలికి కొత్త ఫిజియో దొరికాడు, ఫరవాలేదు. ఈస్టర్ సెలవుల్లో రండి.

ప్రేమతో,
లీలత్త

టూవూంబా,
ఏప్రిల్ 14

ప్రియమైన అత్తా,

కూర్చుని చదువు. ఆవిడ ఏట్లో పోలేదు!

వందేళ్ళ కిందట మన జిల్లానుంచి చెరకు తోటల్లో పనికి ఫిజీ వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారని నాకు పుస్తకాల్లో చదివే తెలుసు. ఒక్కొక్కళ్ళకీ ఒక ఎమిగ్రేషన్ పాసు ఇచ్చేవారు. ఆ పాసుల్ని ఇప్పుడు కంప్యూటర్లో ఊరిపేరుతో వెతకడం కుదురుతుందని తెలిసి, ఊరికే 'బొద్దువలస' అని కొట్టి చూశాను. ఒకే ఒక్క పేరు వచ్చింది. కాపీ తెప్పించాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

అప్పలనరసమ్మ. వయసు ఇరవై మూడు. ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. విశాఖపట్నం జిల్లా, బొద్దువలస. భర్త సన్యాసి, చనిపోయాడు. ఓడ ఎక్కింది 1909లో, మద్రాసులో. ఒంటరిగా.

ఆ పాసులో 'దగ్గరి బంధువు' అని ఒక గడి ఉంటుంది. తండ్రి పేరో మరిది పేరో చెప్పుకోవచ్చు. ఆవిడ చెప్పింది ఇది: 'కొడుకు సింహాచలం, ఆరేళ్ళు.'

అత్తా, ఆ గడి చూసి లైబ్రరీలో అందరిముందూ ఏడ్చేశాను.

తర్వాత ఫిజీలో పెళ్ళిళ్ళ రిజిస్టరు వెతికించాను. 1912లో లంబాసా దగ్గర ఒక తోటలో గోదావరి జిల్లావాడిని పెళ్ళి చేసుకుంది. వధువు గడిలో 'వితంతువు, స్వదేశంలో ఒక కొడుకు' అని ఉంది, పక్కన వేలిముద్ర. 1921 జనాభా లెక్కలకోసం ఆ తోటలో రాసిన జాబితాలో భర్త, ఆవిడ, ఇద్దరు ఆడపిల్లలు, ఏడేళ్ళ కొడుకు బ్రహ్మయ్య ఉన్నారు. అంటే మీ తాతయ్యకి ఒక తమ్ముడున్నాడు! ఆ సంగతి తెలియకుండానే పోయారు పాపం.

వాళ్ళ పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోవాలని ఉంది. 1987 సైనిక తిరుగుబాటు తర్వాత ఫిజీనుంచి ఎంతోమంది మనవాళ్ళు సిడ్నీ వచ్చేశారట. అప్పటికి నువ్వు అక్కడే ఉన్నావు కదా. ఫిజీ తెలుగువాళ్ళెవరైనా నీకు పరిచయమా?

వెంటనే రాయి.

బిందు

కెల్లీవిల్,
మే 2

బిందుకి,

ఉత్తరం అందింది. నాకెవరూ పరిచయం లేరు.

సింహాచలం, సన్యాసి అన్న పేర్లు మన వైపు ఇంటికొకటి ఉంటాయి. ఎవరిదో కాగితం తెచ్చి మన వంశానికి అంటించకు. భర్త పోయిన మనిషి కొడుకుని వదిలేసి ఓడెక్కి వెళ్ళి, అక్కడ ఇంకో పెళ్ళి చేసుకుందని నలుగురికీ చెప్పుకోవడానికి నీకు సరదాగా ఉందేమో, నాకు లేదు. తమ్ముడుంటే నిన్నీ పని చెయ్యనిచ్చేవాడు కాదు.

వాళ్ళెవరినీ వెతకొద్దు. ఇది నా మాటగా విను.

లీల

టూవూంబా,
జూన్ 16

అత్తా,

నీ మాట వినలేదు. సిడ్నీలోని ఫిజీ తెలుగువాళ్ళ సంఘానికి మెయిల్ రాశాను. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. ఆవిడ పేరు సుగుణ, డెబ్బై నాలుగేళ్ళు, టూంగాబీలో ఉంటారు. జాబితాలోని ఏడేళ్ళ బ్రహ్మయ్యగారి కూతురు. మీ ఇంటికి ఇరవై నిమిషాల దూరం.

నేను బొద్దువలస అనగానే ఆ పేరు ఇంకోసారి చెప్పించుకున్నారు. తర్వాత, "మా నాయన కూడా ఒకసారి ట్రై చేశాడమ్మా," అన్నారు. "ఎయిటీ ఎయిట్‌లో. ఉగాది ఫంక్షన్‌లో ఆ ఊరావిడ ఒకరు కలిసింది. లెటర్ రాశాడు. ఆవిడ కాదు అని రిప్లై ఇచ్చేసింది. ఇప్పటికీ నా దగ్గరుంది. నాకు తెలుగు చదవడం రాదు, ఫొటో పంపుతాను, నువ్వు చదువు."

ఫొటో పంపారు. అందులో ఇలా ఉంది:

'అయ్యా, మీరు పొరబడ్డారు. మా వంశంలో ఆ పేరుగలవారెవరూ లేరు. ఇకమీదట ఉత్తరాలు రాయవద్దు. శ్రీమతి గోపాలరావు.'

నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం నీ ఉత్తరాలే చదువుతున్నాను అత్తా. చేతిరాతలు పక్కపక్కన పెట్టి పోల్చి చూడాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆవిడకి నేనేమీ చెప్పలేదు. నువ్వు ఎందుకు రాశావో నాకు చెప్పు.

బిందు

కెల్లీవిల్,
జూలై 7

బిందూ,

మూడు వారాలు పట్టింది ఇది మొదలుపెట్టడానికి. నాలుగు కాగితాలు చింపేశాను. ఒక్కొక్కదాంట్లో ఒక్కొక్క సాకు ఉంది.

రాసింది నేనే.

ఆ ఉగాది ఒక స్కూలు హాల్లో జరిగింది. మేం వచ్చి రెండేళ్ళు కాలేదు. వేదిక మీద పరిచయాలు చేసుకుంటుంటే మాది విజయనగరం దగ్గర బొద్దువలస అని చెప్పాను. పులిహోర వడ్డిస్తున్నప్పుడు ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో టోపీ. దండం పెట్టి, "అమ్మా, బొద్దువలస అన్నావు గదా. మాయమ్మదీ అదే ఊరు," అన్నాడు. "ఆరేళ్ళ గుంటణ్ణి ఒగ్గేసి వచ్చీసినానురా అని సెప్పి ఏడిసీది. సింహాచలం అని ఆడి పేరు. ఆడు బతికున్నాడేటి?"

బిందూ, ఆ మనిషి జన్మలో ఇండియా గడ్డ తొక్కలేదు. అచ్చం మా తాతయ్య మాట్లాడినట్టే మాట్లాడాడు. అదే యాస, అదే సాగదీత. ఆ యాస నా నోట్లో వినపడకుండా ఉండటానికి నేను పెళ్ళైనప్పటినుంచి ఎంత జాగ్రత్తపడ్డానో నాకే తెలుసు. చుట్టూ అందరూ డాక్టర్ల భార్యలు, ఇంజనీర్ల భార్యలు. ఆ వారమే ఒకావిడ ఇంట్లో భోజనాలప్పుడు "ఫిజీవాళ్ళా, కూలీలుగా పోయినవాళ్ళు" అని నవ్వితే వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. "తెలియదండీ" అనేసి గిన్నె పట్టుకుని అవతలికి వెళ్ళిపోయాను. పది రోజుల తర్వాత సంఘం అడ్రసు మీదుగా ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు. తల్లి పేరు, ఊరు, ఇంటి వెనక రాతి రోలు, అన్నీ రాశాడు. నాకు ఇంకేమీ అక్కర్లేదు, మా అన్న ఉన్నాడో లేడో చెబితే చాలన్నాడు.

నిజంగా తెలియక కాదన్నానని నీకు చెప్పుకోవచ్చు. కానీ నాకు తెలుసు. నాకు పదమూడేళ్ళప్పుడు మా నానమ్మ చెప్పింది. "నీళ్ళలో పోలేదే. మరిది పొలమూ పిల్లాణ్ణీ లాక్కుని గెంటేశాడు. ఓడెక్కి పోయింది. పరువుకోసం ఏట్లో పడిందని చెప్పారు. మీ తాతకి మాత్రం తెలియనివ్వకు" అంది. పేరు కూడా చెప్పింది. ఫిబ్రవరిలో నీకు పేరు తెలియదని రాశానే, అప్పుడూ అబద్ధమే ఆడాను.

మీ మావయ్యకి ఆ ఉత్తరం చూపించలేదు. మా అత్తగారూ మావగారూ మర్నెలలో రాబోతున్నారు. కూలీ ఓడెక్కిన మనిషి వంశం అని తెలిస్తే నన్ను ఎలా చూస్తారో అనుకున్నాను. మూడు వాక్యాలు రాసి, ఆ సాయంత్రమే పోస్టు చేశాను.

అంతటితో అయిపోతే బాగుండును. ఆ డిసెంబర్లో ఊరికి వెళ్ళాను. తాతయ్యకి ఎనభై అయిదేళ్ళు. మంచంలో ఉన్నాడు, తెలివి మాత్రం బాగా ఉంది. మధ్యాహ్నం పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని, "మాయమ్మ శవం దొరకలేదు, తెలుసా నీకు? ఏ తిథో తెలీక మహాలయ అమావాస్యకే నువ్వులూ నీళ్ళూ వదిలీవాణ్ణి," అన్నాడు. దుప్పటి సరిచేశాను. ఆ ఉత్తరంలో రాసి ఉంది, వాళ్ళమ్మ 1957లో పోయిందని. నలభై ఏళ్ళ పైన, బతికున్న తల్లికి తర్పణాలు వదిలాడు మా తాతయ్య. ఆ మాట చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. ఆ ఊళ్ళో నెల రోజులున్నాను.

మరుసటి ఏడాది ఆషాఢంలో పోయాడు.

బ్రహ్మయ్యగారిని ఇంకొక్కసారి చూశాను. టూంగాబీలో కిరాణా కొట్లో, చింతపండు దగ్గర. నన్ను గుర్తుపట్టి నవ్వి దండం పెట్టాడు. అలాంటి ఉత్తరం రాసినదానికి దండం పెట్టాడు! నేను బియ్యం బస్తాల వెనక్కి తప్పుకుని, ఆయన వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాను. మళ్ళీ ఆ కొట్టుకి వెళ్ళలేదు. కొట్టు బాగుండదని మీ మావయ్యతో చెప్పాను.

ఇదీ సంగతి. నువ్వు మా అత్తవి కావు పొమ్మన్నా నేనేమీ అనలేను. ఒక్కటే అడుగుతున్నాను. సుగుణగారికి నువ్వు చెప్పకు.

లీల

టూవూంబా,
జూలై 15

అత్తా,

ఫరవాలేదు అని రాద్దామనుకున్నాను. కానీ ఆ మాట అనడానికి నేనెవరిని? నువ్వు పోగొట్టింది నాది కాదు.

చెప్పకుండా ఉండటం నావల్ల కాదు. ఆవిడ వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, ఊరి కబుర్లు చెప్పమంటున్నారు. ఆ ఉత్తరం నేనింకా చదివి వినిపించలేదు, రాసిందెవరో తెలుసా అని ఆవిడా ఇప్పటిదాకా అడగలేదు. అడిగితే దాచను. నీకు ఆగస్టు నెలాఖరుదాకా టైమిస్తున్నాను. అడ్రసూ ఫోన్ నంబరూ ఈ కాగితం వెనక ఉన్నాయి.

నీ మీద ప్రేమ పోయిందనుకోకు. పోతే ఈ బాధే ఉండేది కాదు.

బిందు

కెల్లీవిల్,
ఆగస్టు 19

చి. బిందుకి,

నిన్న వెళ్ళాను.

సుమంత్ కారులో దింపాడు. ఓల్డ్ విండ్సర్ రోడ్డు మీద వెళుతూ వాడికి చెప్పాను. "అమ్మా, సీరియస్‌లీ? ముప్ఫై ఆరేళ్ళు?" అన్నాడు. నేను దిగుతుంటే, "ఎంతసేపైనా పర్లేదు, ఇక్కడే ఉంటాను" అన్నాడు.

నీ మేనత్త వస్తోందని మాత్రమే సుమంత్ ముందు ఫోన్ చేసి చెప్పాడు కనక, సుగుణగారు గుమ్మంలోనే కౌగిలించుకున్నారు. మనిషి పొట్టి, చురుకైన కళ్ళు. కూర్చోకముందే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. "మీ నాన్నగారికి కాదని జవాబు రాసిన శ్రీమతి గోపాలరావుని నేనే," అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. వెళ్ళిపొమ్మని అర్థమేమోననుకుని చెప్పులు వెతుక్కుంటున్నాను. అప్పుడు వచ్చారు, చేతిలో ప్లాస్టిక్ కవర్లో ఆ కాగితం. నా ముందు పెట్టారు.

"ఇది మీ రాతేనా?"

"నాదే."

"చదవండి. పైకి చదవండి. మా డాడ్ చదివి మడిచేసి, నో లక్ అన్నాడంతే. నేనెప్పుడూ ఆ మాటలు విన్లేదు."

చదివాను. బిందూ, మూడు వాక్యాలకి ఎంతసేపు పడుతుంది? మధ్యలో రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ మంచినీళ్ళు ఇవ్వలేదు. పూర్తయ్యేదాకా నిలబడే ఉన్నారు.

తర్వాత ఆవిడ చెప్పింది నీకు రాయాలి. నేను ఊహించినవాటిలో ఇది లేదు. ఆయన అన్నని కోల్పోయాడని అనుకున్నాను, అంతవరకే నా తప్పు అనుకున్నాను.

"ఈ లెటర్ రాకముందు ప్రతి సండే మా డాడ్ వాళ్ళమ్మ కథలే చెప్పీవాడు," అన్నారావిడ. "బొద్దువలస అట్లా, బొద్దువలస ఇట్లా. ఇది వచ్చాక, ఫినిష్. స్టాప్డ్. ఒకసారి నేనే అడిగాను, చెప్పు నాయనా అని. ఏమన్నాడో తెలుసా? 'మాయమ్మ అబద్దమాడిందిలే. అది ఏ ఊరో, ఏటో. నాకు సెప్పడం ఇష్టంలేక ఏదో ఊరు సెప్పీసింది' అన్నాడు. నైంటీ ఫోర్‌లో పోయాడు. వాళ్ళమ్మ ఫొటో గోడమీంచి తీసేశాడు అప్పటికే. నేను మళ్ళీ పెట్టాను."

గోడ మీద ఉంది. రేకుల ఇంటి ముందు కుర్చీలో కూర్చున్న ముసలావిడ. మా తాతయ్య దవడ, మా తాతయ్య చెవులు. నేను దండం పెట్టబోయి, పెట్టే అర్హత ఉందో లేదో తెలియక ఆగిపోయాను.

"ఇట్స్ ఓకే అని నేను అనను," అన్నారు సుగుణగారు. "నాకు ఓకే కాదు. రేపు కూడా కాకపోవచ్చు."

"అనొద్దండీ," అన్నాను.

"కూర్చోండి. మా డాడ్ బ్రదర్ గురించి చెప్పండి. ఎలా ఉండేవాడు? ఏం తినేవాడు? ఎవ్రీథింగ్."

రెండు గంటలు చెప్పాను. కొంతసేపటికి నాకు తెలియకుండానే నా నోట్లోకి ఆ యాస వచ్చేసింది, బిందూ. సుగుణగారు ఫోన్లో రికార్డు చేస్తూ ఒకచోట ఆపి, "యు సౌండ్ లైక్ డాడ్," అన్నారు. అప్పుడు టీ ఇచ్చారు.

బయల్దేరుతుంటే ఒక పని చెప్పారు. "ఆ లెటర్‌కి ఇంకో లెటర్ రాయండి. నాకు కాదు, మా డాడ్‌కి. రాసి, మీరే వచ్చి, ఫొటోల ముందు చదవండి. ఆయన పోయినరోజు నెక్స్ట్ సండే వస్తుంది."

ఒప్పుకున్నాను. చదివే రోజు తేదీ వేసి రాత్రే రాశాను, దాని నకలు నీకు ఇందులో పెడుతున్నాను. తప్పులుంటే ఫోన్ చెయ్యి, సుమంత్ కేకలేసి చెబుతాడు. మీ నాన్న నోటుబుక్కులో ఆ గడి నువ్వే నింపు. పేరు పెద్ద అక్షరాలతో రాయి.

లీలత్త

కెల్లీవిల్,
ఆగస్టు 25

పూజ్యులైన బ్రహ్మయ్య చినతాతగారికి,

నమస్కరించి రాయునది.

1988లో మీ ఉత్తరానికి జవాబు రాసింది నేను. అది తప్పుడు జవాబు. తెలిసే రాశాను.

మీరు పొరబడలేదు. అప్పలనరసమ్మగారు మా తాతయ్య సింహాచలంగారి కన్నతల్లి. మీ అమ్మగారు మీకు చెప్పిన ఊరు నిజం, ఇల్లు నిజం, ఇంటి వెనక రోలు నిజం. నేను ఆ రోలు పక్కన ఆడుకున్నాను. ఆవిడ మీ దగ్గర ఏదీ దాచలేదు. ఆవిడ మీద మీకు అనుమానం కలిగించినది నేను. ఇంతకన్నా పెద్ద తప్పు నా జీవితంలో చెయ్యలేదు.

మీ అన్న బతికున్నాడా అని హాల్లో అడిగారు. బతికే ఉన్నాడు. ఇంకో ఏడాది పైన బతికాడు. సన్నగా ఉండేవాడు, తక్కువ మాట్లాడేవాడు, మామిడిపండు టెంక దాకా చీకేవాడు. పోయేముందు కూడా తల్లి గురించే మాట్లాడాడు. తనకొక తమ్ముడున్నాడని ఆయనకి తెలియదు. తెలిసి ఉంటే ఆ వయసులో కూడా మంచం దిగి మీకోసం బయల్దేరేవాడు. ఆయన్ని నాకన్నా బాగా ఎరిగినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు కనక, ఈ ఒక్క మాట నమ్మండి.

క్షమించమని అడగడంలేదు. అడగాల్సిన రోజు మీరు కొట్లో నాకు దండం పెట్టారు, నేను తప్పించుకున్నాను.

ఇట్లు,
మీ అన్న మనవరాలు
లీల